మొదటి స్ట్రాంగ్‌మ్యాన్ పోటీకి పదహారు వారాలు: గోదారి డెల్టా కుర్రాళ్ళ కోసం

నా మొదటి పోటీలో లాగ్ ప్రెస్‌కి, అంటే దుంగ లాంటి బరువుని తల మీదికి ఎత్తే ఈవెంట్‌కి, నాకు సున్నా వచ్చింది. 70 కిలోల లాగ్‌ని గుండెల మీదికి తెచ్చుకున్నాను, తల మీదికి ఎత్తాను, మోచేతులు బిగిశాయి. జనం ఈలలు వేశారు. ఆ ఊపులో జడ్జి "డౌన్" అనకముందే దించేశాను. ఆ ఎత్తు లెక్కలోకి రాలేదు. మళ్ళీ ఎత్తబోతే నుదుటి దాకా వచ్చి ఆగిపోయింది. ఇచ్చిన 60 సెకన్లు అయిపోయాయి. మిగతా నాలుగు ఈవెంట్లు బాగానే చేశాను కానీ ఆ సున్నా నన్ను పట్టికలో అడుక్కి లాగేసింది.

అప్పటినుంచి మా వైపు ఎవరైనా కుర్రాడు వచ్చి "అన్నా, పోటీకి వెళ్దామనుకుంటున్నా" అంటే మొదట చెప్పేది ఇదే: మొదటి పోటీలో ఏ ఈవెంట్‌లోనూ సున్నా పడకూడదు. ఎన్నో స్థానం వస్తుందన్నది తర్వాత సంగతి. ఏ విభాగంలో పేరివ్వాలి, ఆదివారం ఏం సాధన చెయ్యాలి, పోటీ రోజు ఏం తినాలి అన్నవన్నీ ఈ మాట మీదే తేలతాయి.

ముందు ఆట అర్థం చేసుకోండి

పవర్‌లిఫ్టింగ్‌లో బార్ ఎత్తిన చోటే దిగుతుంది. స్ట్రాంగ్‌మ్యాన్‌లో చాలా బరువులు కదలాలి. మోసుకుని నడవాలి, అరుగు మీదికి ఎక్కించాలి, లాగాలి, బోర్లించాలి. పైగా గడియారం తిరుగుతూ ఉంటుంది. 1977లో మొదలైన 'వరల్డ్స్ స్ట్రాంగెస్ట్ మ్యాన్' పోటీ ఈ ఆటని టీవీలోకి తెచ్చింది. అంతకు చాలా ముందే మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు (1882-1942) కార్లని పట్టి ఆపడం, ఛాతీ పొంగించి గొలుసు తెంచడం లాంటివి సర్కస్ డేరాల్లో చేసి చూపించారు. అవి ప్రదర్శనలు. ఇప్పటి పోటీల్లో ఛాతీ మీద బండలు పగలగొట్టడాలూ, ఏనుగుని ఎక్కించుకోవడాలూ ఉండవు. వాటిని చూసి ఇంటి దగ్గర ప్రయత్నించొద్దు.

మామూలుగా ఒక్క రోజులో నాలుగైదు ఈవెంట్లు పెడతారు: లాగ్ ప్రెస్, యోక్ (బరువైన ఇనుప చట్రాన్ని భుజాల మీద మోసుకుని నడవడం), ఫార్మర్స్ వాక్ (రెండు చేతుల్లో చెరో బరువు పట్టుకుని నడవడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువుని నిటారుగా నిలబడేదాకా లేపడం), రాతిగుండు (గుండ్రటి బరువుని అరుగు మీదికి ఎక్కించడం). కొన్నిచోట్ల టైరు, ఇసుక బస్తా, బండి లాగడం కూడా. మార్కుల పద్ధతి తేలికే. ఎనిమిది మంది ఉంటే ఈవెంట్‌లో మొదటివాడికి 8, రెండోవాడికి 7, అలా దిగుతూ చివరివాడికి 1. అసలు చెయ్యలేకపోతే సున్నా.

లెక్క వేసి చూడండి. ఒకడు మూడు ఈవెంట్లు గెలిచాడు, 24 వచ్చాయి. లాగ్‌లో సున్నా. రాతిగుండు దగ్గరికొచ్చేసరికి చేతులు పడిపోయి 3. మొత్తం 27. ఇంకొకడు ఒక్కటీ గెలవలేదు, ఐదింటిలోనూ మూడో స్థానమే, ఈవెంట్‌కి 6 చొప్పున 30. పోడియం ఎక్కేటప్పుడు వీడే ముందుంటాడు. జిమ్‌లో డెడ్‌లిఫ్ట్ మాత్రమే బాగా చేసే కుర్రాళ్ళకి ఈ లెక్క ముందే చూపించాలి.

ఏ పోటీకి, ఏ విభాగానికి

మగవాళ్ళకి 80, 90, 105 కిలోల లోపు, ఆపైన ఓపెన్ అని విడగొట్టడం మామూలు. నిర్వాహకుల్ని బట్టి ఈ అంకెలు మారతాయి. ఆడవాళ్ళకి వేరే విభాగాలుంటాయి. ఇక్కడ చెప్పే పద్ధతులన్నీ వాళ్ళకీ అలాగే వర్తిస్తాయి, బరువులే మారతాయి. నోవిస్, అంటే కొత్తవాళ్ళ విభాగం ఉంటే సందేహం పెట్టుకోకుండా అందులో చేరండి. ఒంటి బరువు 83 ఉందని, నీళ్ళు మానేసి 80 లోపుకి దిగాలని మాత్రం చూడొద్దు. మన ఉక్కపోతలో నీళ్ళు లేని ఒళ్ళు మూడో ఈవెంట్‌కే చేతులెత్తేస్తుంది. సున్నాలు పడేది అక్కడే.

పేరు ఇచ్చేముందు నిర్వాహకులకి ఫోన్ చేసి ఇవన్నీ అడిగి కాగితం మీద రాసుకోండి. ఈవెంట్లేమిటి, ఏ వరసలో? ఒక్కోదానికి బరువెంత, సమయమెంత? ఫార్మర్స్ వాక్‌లో మధ్యలో దించితే మళ్ళీ ఎత్తనిస్తారా? డెడ్‌లిఫ్ట్‌కి స్ట్రాప్, అంటే చేతిని బార్‌కి బిగించే పట్టీ, కట్టుకోవచ్చా? రాతిగుండుకి చేతులకి ట్యాకీ, అంటే ఆ జిగట బంక, రాసుకోనిస్తారా? అరుగు ఎత్తెంత? నేల సిమెంటా, గడ్డా, మట్టా? అంబులెన్స్ ఉంటుందా? చివరి ప్రశ్నకి సమాధానం నసిగితే ఆ పోటీ మానుకోమనే నా సలహా.

నేను చూసినంతలో 80 కిలోల లోపు నోవిస్ మగవాళ్ళకి లాగ్ 60-70, ఫార్మర్స్ వాక్ చేతికి 70-80, యోక్ 180-200, డెడ్‌లిఫ్ట్ 140-160, రాతిగుండు 80-100 కిలోల మధ్య పెడుతుంటారు. ఒంటి బరువుకి రెట్టింపుకి దగ్గరగా డెడ్‌లిఫ్ట్, ముప్పావు వంతు ఓవర్‌హెడ్ ప్రెస్ చెయ్యగలిగితే మీరు సిద్ధమవ్వడానికి పదహారు వారాలు సరిపోతాయి. ఇంకా అక్కడికి చేరకపోతే ఈ ఏడాది ప్రేక్షకుడిగా వెళ్ళి చూసి రండి. దానివల్ల నష్టం లేదు, చాలా తెలుస్తుంది.

ఇంకో పని, దీన్ని వాయిదా వెయ్యొద్దు: డాక్టరుకి చూపించుకోండి. బీపీ, గుండె, పొత్తికడుపు దగ్గర హెర్నియా ఉందేమో. ఊపిరి బిగబట్టి బరువెత్తినప్పుడు బీపీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఇరవై ఏళ్ళవాడికి బీపీ ఉండదనుకోవడం పొరపాటు.

సామాన్లు మన ఊళ్ళోనే సమకూర్చుకోవడం

పట్నాల్లో స్ట్రాంగ్‌మ్యాన్ సామాను ఉన్న జిమ్‌లు దొరుకుతాయి. మండపేట, పాలకొల్లు, రాజోలు వైపు ఉన్నవాళ్ళకి రైసుమిల్లూ వెల్డింగ్ షాపే జిమ్. ఇది తక్కువేం కాదు.

మొదట బస్తా. మన వైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. మిల్లులో అడిగితే ఖాళీ గోనె సంచులు దొరుకుతాయి. లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి పెట్టి ఇసుక నింపి, దబ్బనంతో పురికొస వేసి మూతి గట్టిగా కుట్టండి. సంచి సైజు మారకుండా బరువు తగ్గించాలంటే ఇసుకలో ఊక కలపండి. 50తో ఒకటి, 75తో ఒకటి, 90తో ఒకటి చాలు. తడి ఇసుక పోస్తే ఎండాక బరువు మారిపోతుంది. ఎండబెట్టే పొయ్యండి, మిల్లు కాటా మీద తూచి, బరువు సంచి మీద పెయింటుతో రాయండి. సార్వా మాసూళ్ళ రోజుల్లో మిల్లు దగ్గర ఎవరికీ ఊపిరాడదు. ఆ లోపే వెళ్ళి అడగండి.

రాతిగుండుని సిమెంటు కాంక్రీటుతో పోసుకోవచ్చు. కాంక్రీటు ఘనపు మీటరుకి 2,400 కిలోలు వేసుకుంటే, 35 సెంటీమీటర్ల అడ్డకొలత గుండు 54 కిలోలు, 40 అయితే 80, 45 అయితే 114 కిలోలు తూగుతుంది. అచ్చు రెండు ముక్కలుగా విడిపోయేలా ఉండాలి. పోశాక బాగా తడుపుతూ 28 రోజులు ఆగండి. తొందరపడి వారానికే ఎత్తి పడేస్తే పెచ్చులూడుతుంది, తర్వాత ఆ అంచులు ముంజేతుల్ని కోస్తాయి. అందుకే గుండు పొయ్యడం మొదటి వారం పని. దించడానికి కింద పాత లారీ టైరు వేసుకోండి.

ఫార్మర్స్ వాక్ పిడులు, యోక్ ఫ్రేము వెల్డింగ్ షాపులో చేయించుకోవాలి. పిడి సరిగ్గా మధ్యలో ఉండాలి. ఒక్క అంగుళం జరిగినా నడిచేటప్పుడు ఒక కొస నేలకి తగులుతుంది. మధ్య చోట రంగు టేపు చుట్టండి. యోక్‌ని మా తాతల కాలం కావిడితో పోల్చి చెబుతుంటాను. కావిడి ఒక భుజం మీద ఊగుతూ అడుగుకి సాయం చేస్తుంది. యోక్ రెండు భుజాల వెనక అడ్డంగా ఉంటుంది, దాన్ని ఊగనివ్వకూడదు.

లాగ్ కోసం కొబ్బరి దుంగ వాడదామని చాలామందికి ఆలోచన వస్తుంది. నాకూ వచ్చింది. కొబ్బరి మాను చుట్టూ గట్టిగా, నడిమధ్య మెత్తగా ఉంటుంది. పిడి కోసం తొలిచిన చోట కొన్నాళ్ళకే వదులైపోతుంది. తల మీద బరువున్నప్పుడు పిడి కదిలితే ప్రాణం మీదికొస్తుంది. పాత ఇనుప గొట్టానికి లోపల పిడులు వెల్డ్ చేయించండి. చేతులు ఒకదానికొకటి ఎదురుగా పట్టుకునేలా, మధ్య దూరం మీ భుజాలంత. ఖర్చు నలుగురు పంచుకుంటే భారం అనిపించదు. నలుగురుంటే ఆదివారం సాధన కూడా ఆగదు.

ఎత్తడం, మొయ్యడం

నాకు బరువెత్తడం నేర్పింది జిమ్ కోచ్ కాదు, మిల్లులో ముఠా మేస్త్రీ. యాభై దాటిన మనిషి, నాకంటే పదిహేను కిలోలు తక్కువుంటాడు. నేను జబ్బలు చూసుకుంటూ 75 కిలోల బస్తాని ఒక్కడినే భుజానికెత్తబోయి మూడుసార్లు జారవిడిచాను. ఆయన బీడీ పక్కన పెట్టి వచ్చాడు.

"ఒరేయ్ అబ్బాయ్, చేతుల్తో లాగేస్తున్నావ్. చేతులు కొక్కేల్లాంటివి, పట్టుకోడానికే. ముందు దాన్ని తొడల మీద కూచోబెట్టు."

"కూచోబెట్టి ఏం చెయ్యాలి మావయ్యా?"

"ఊపిరి తీసుకో. వాటేసుకో. అప్పుడు నువ్వు లే. నీతోపాటు అదే లేస్తది."

ఆయన చూపించాడు. బస్తాకి అటూ ఇటూ కాళ్ళు పెట్టి వంగాడు. చేతులు కింద మూలల దగ్గరికి పోనిచ్చాడు, మోచేతులు చాచే ఉన్నాయి. ఒక్క కుదుపుతో బస్తా తొడల మీదికొచ్చింది. అక్కడ ఒక్క క్షణం ఆగాడు. కడుపు బిగిసింది, గడ్డం బస్తాకి ఆనింది. తుంటి ముందుకి తోసి లేస్తే బస్తా తనంతట తాను భుజం మీదికి వాలినట్టనిపించింది. ఆయన మొహంలో కష్టం కనబడలేదు.

రాతిగుండు పద్ధతి అచ్చంగా ఇదే. గుండు కాళ్ళ మధ్య, వేళ్ళు గుండు సగానికి కింద, చేతులు చాచి. తొడల మీదికి లాగు, కూర్చో, చేతులు పైకి మార్చి వాటేసుకో, ఊపిరి నింపు, తుంటితో తోసి అరుగు మీదికి ఎక్కించు. వీపు కొంచెం గుండ్రంగా ఉండటం గుండు దగ్గర తప్పదు. కానీ మొదట బిగించిన ఆకారం మధ్యలో మారకూడదు. మోచేతులు మడిచి లాగితే బైసెప్స్ కండ తెగే ప్రమాదం ఉంది. నాతో సాధన చేసిన ఒక కుర్రాడికి టైరు బోర్లిస్తుండగా తెగింది. గుడ్డ చిరిగిన చప్పుడు నేను పక్కనే నిలబడి విన్నాను. ఆపరేషన్ అయింది, దాదాపు ఏడాది ఆటకి దూరమయ్యాడు. టైరు దగ్గర కూడా అందుకే ఛాతీ టైరుకి ఆనించి, కాళ్ళు వెనక్కి పెట్టి, చేతులు చాచి, ముందుకి తోస్తూ లేపాలి. నడుం ఎత్తుకి రాగానే మోకాలు ఆన్చి, అరచేతులు తిప్పి నెట్టెయ్యాలి.

లాగ్ కూడా మొదట తొడల మీదికే. అక్కణ్ణుంచి పొట్ట మీదుగా దొర్లిస్తూ గుండెల మీదికి తేవాలి, మోచేతులు ముందుకి ఎత్తి పెట్టాలి. కొంచెం మోకాళ్ళు వంచి, కాళ్ళతో తన్ని పైకి పంపాలి. లాగ్ మొహం దాటగానే తల ముందుకి దూర్చండి. చేతులు బిగిశాక జడ్జి కళ్ళలోకి చూడండి. "డౌన్" వినబడేదాకా అలాగే. నేను సాధనలో ప్రతి ఎత్తుకీ పక్కవాణ్ణి "డౌన్" అనమంటాను, కావాలని రెండు సెకన్లు ఆలస్యంగా. ఒక్కడే సాధన చేసేవాడు మనసులో రెండు అంకెలు లెక్కపెట్టి దించాలి.

నడిచే ఈవెంట్లకి మన డెల్టా బాగా అనువు. మిట్టపల్లాలు లేవు. కాలువ గట్టు మీద 20 మీటర్లు టేపుతో కొలిచి సున్నం గీతలు వేసుకోండి. యోక్ బార్ మీరు నిలబడ్డప్పటి భుజానికి నాలుగైదు అంగుళాలు కింద ఉండాలి. సరిగ్గా మధ్యకి దూరి, కడుపు బిగించి లేవండి. లేచాక ఒక్క క్షణం ఆగి ఊగడం తగ్గనివ్వండి. మొదట వేసే ఐదు అడుగులూ ఒక్కో పాదం పొడవంతే. తర్వాత వేగం పెంచండి, అడుగు పొడవు పెంచొద్దు. చూపు పదడుగుల ముందు నేల మీద. ఫార్మర్స్ వాక్‌లోనూ అంతే, అదనంగా బొటనవేలు మిగతా వేళ్ళ మీద మడిచి తాళం వేసినట్టు పట్టుకోవాలి. మధ్యలో దించి మళ్ళీ ఎత్తితే ఐదారు సెకన్లు పోతాయి, పట్టు కూడా మొదటిసారంత రాదు. అందుకే పిడులు పట్టుకుని కదలకుండా 30-40 సెకన్లు నిలబడటం వారానికోసారి చెయ్యండి.

వాన పడ్డాక బంకమట్టి గట్టు మీద బరువుతో నడవొద్దు. ఒక్క జారుడుకి మోకాలు పోతుంది. డిసెంబరు తెల్లవారుజామున మంచుకి ఇనుప పిడులు తడిసి ఉంటాయి, పొడి గుడ్డ దగ్గర పెట్టుకోండి.

బండి లాగడం సాధన చెయ్యాలంటే మినీ వ్యాను చాలు. లోపల స్టీరింగ్ దగ్గర డ్రైవింగ్ తెలిసినవాడు ఉండి తీరాలి. ఇంజన్ ఆపేస్తే చాలా బండ్లలో బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది. ఇంజన్ ఆన్‌లో, గేరు న్యూట్రల్‌లో, చెయ్యి హ్యాండ్ బ్రేకు మీద. పిల్లల్ని బండి ముందుకి రానివ్వొద్దు. ఒంటిని దాదాపు నేలకి వాల్చి చిన్న అడుగులతో మొదలుపెట్టాలి. బండి కదిలాక ఆపకూడదు, ఆగిన బండిని మళ్ళీ కదిలించడానికే సగం ఓపిక పోతుంది.

పదహారు వారాలు

సంక్రాంతి రోజుల్లో పోటీ అనుకుంటే సెప్టెంబరు చివర్లో మొదలుపెట్టాలి. వారంలో మూడు రోజులు జిమ్, ఆదివారం పొద్దున్నే ఐదున్నరకి గట్టు మీద ఈవెంట్లు. సోమవారం స్క్వాట్, ఓవర్‌హెడ్ ప్రెస్. బుధవారం డెడ్‌లిఫ్ట్, రోయింగ్ (వంగి బార్‌ని పొట్ట దగ్గరికి లాగడం), పట్టు. శుక్రవారం ఫ్రంట్ స్క్వాట్, లాగ్ తేలిగ్గా.

మొదటి ఆరు వారాలు జిమ్ బరువులు పెంచుకోండి. ఆదివారాలు పోటీ బరువులో సగంతో పద్ధతి నేర్చుకోండి. ఈ వారాలు విసుగ్గా ఉంటాయి, కుర్రాళ్ళు ఇక్కడే తొందరపడి నడుం పట్టేయించుకుంటారు. ఏడు నుంచి పన్నెండో వారం దాకా ఈవెంట్ బరువులు 70 శాతం నుంచి 90 శాతానికి తీసుకెళ్ళండి. ఒక ఆదివారం మూడు ఈవెంట్ల కంటే ఎక్కువ వద్దు. పదమూడు, పద్నాలుగు వారాల్లో పోటీ బరువుతో, పోటీ వరసలో, గడియారం పెట్టుకుని చెయ్యండి. భారీ డెడ్‌లిఫ్ట్ చివరిసారి పోటీకి రెండు వారాల ముందు. భారీ యోక్, రాతిగుండు పది పన్నెండు రోజుల ముందు. ఆఖరి వారం ఏదీ సగానికి మించొద్దు.

మీకు చేతకాని ఈవెంట్‌నే ఆదివారం మొదట పెట్టండి. బాగా వచ్చిందే మళ్ళీ మళ్ళీ చెయ్యడం అందరికీ ఇష్టం. కానీ సున్నా వచ్చేది రానిదాంట్లోనే. లాగ్ బరువు పోటీకి 65 అయితే, పద్నాలుగో వారానికి 65ని అలసిపోయాక కూడా ఒకసారి ఎత్తగలగాలి. అంతవరకు వస్తే చాలు, ఆ ఈవెంట్‌ని ఇక భయం లేని లెక్కలో వేసుకోవచ్చు.

అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్లు ఒకటి రెండు ఆదివారాలు తినేస్తాయి. మిల్లు షెడ్డు కింద బస్తా మోత, పిడులు పట్టి నిలబడటం చెయ్యొచ్చు. పోయిన ఆదివారాన్ని మంగళవారం కలిపి పూడ్చాలని మాత్రం చూడొద్దు, ఒళ్ళు తేరుకోదు. పొలం పనికి వెళ్ళే కుర్రాళ్ళు కోతల వారంలో జిమ్ ఒక రోజు తగ్గించుకోండి. ఎండలో పన మోసిన రోజు కూడా సాధనే.

తిండి

ఒంటి బరువు కిలోకి 1.6 గ్రాముల ప్రోటీన్ కనీసం చూసుకోండి. 80 కిలోలవాడికి 130 గ్రాముల లోపు. ఆరు గుడ్లు 36 గ్రాములు. గుడ్లకి కొదవలేదు, అనపర్తి, తణుకు వైపు కోళ్ళ ఫారాలే. పావు కిలోకి కాస్త తక్కువ చేప 40. అర లీటరు పాలు 16. పప్పు పది, మూడు పూటల అన్నంలో పాతిక దాకా. ఇక్కడికే 125 దాటింది. అన్నం మానెయ్యమని ఎవరైనా చెబితే వినొద్దు. 60 సెకన్లు పరుగులాంటి నడక నడిపించేది ఆ అన్నమే. సాధనకి గంటన్నర ముందు రెండు చక్కరకేళీలు, తర్వాత కడుపునిండా భోజనం.

బలం కోసం వాడే క్రియాటిన్ పొడి రోజుకి 3-5 గ్రాములు వాడుకోవచ్చు, డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు చూసి కొనండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు. పేరులేని పొడులు, "పోటీకి ముందు ఒక కోర్సు" అంటూ చెప్పే ఇంజెక్షన్లు దగ్గరికి రానివ్వొద్దు. గుండె, లివర్ పాడుచేసుకున్న కుర్రాళ్ళని చూశాను, వాళ్ళ అమ్మానాన్నల్నీ చూశాను. ఈ విషయంలో నాకు మెత్తదనం లేదు.

పోటీ రోజు

సంచిలో: బెల్టు, స్ట్రాపులు, మోకాలి స్లీవులు, చాక్ (చేతులు జారకుండా రాసుకునే పొడి), టేపు, రెండు జతల బట్టలు, పాత తువ్వాలు, అరటిపళ్ళు, పెరుగన్నం, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, కొబ్బరినూనె. నూనె ఎందుకంటే ట్యాకీ సబ్బుకి పోదు, నూనెకే వదులుతుంది. ఎండ ముదిరితే ట్యాకీ కారిపోతుంది, నీడలో పెట్టండి. చేతుల కాయలు ముందు రోజే రాయితో రుద్ది నున్నగా చేసుకోండి. లేచి ఉన్న కాయ ఫార్మర్స్ వాక్‌లో ఊడొస్తుంది.

రూల్స్ మీటింగ్‌లో ముందు వరసలో కూర్చోండి. అర్థం కానిది అడగండి, సిగ్గుపడొద్దు. నా సున్నా ఆ సిగ్గువల్లే వచ్చింది. "డౌన్" సంగతి ఆ రోజు పొద్దున చెప్పారట, నేను వెనక నిలబడి ఫోన్ చూసుకుంటున్నాను.

ఎక్కువసార్లు ఎత్తినవాడికి ముందు స్థానం అన్న ఈవెంట్‌లో మొదటి ఎత్తు నింపాదిగా, తిరుగులేకుండా పూర్తిచెయ్యండి. అది జడ్జి లెక్కలో పడ్డాక సున్నా భయం పోతుంది, అప్పుడు వేగం చూసుకోండి. బరువు పెంచుకుంటూ పోయే ఈవెంట్ అయితే మొదటి ప్రయత్నం మీరు సాధనలో ఐదుసార్లయినా ఎత్తిన బరువే కావాలి. లాగ్ దించాక కళ్ళు తిరిగినట్టనిపిస్తే వెంటనే కూర్చోండి, నిలబడి హీరోలా చేతులూపొద్దు.

ఈవెంట్‌కీ ఈవెంట్‌కీ మధ్య గంట ఖాళీ ఉండొచ్చు. నీడలో కూర్చుని, నాలుగు ముద్దలు పెరుగన్నం, కొంచెం ఓఆర్ఎస్ నీళ్ళు. ఆకలి వేసేదాకా ఆగొద్దు. పిలవడానికి పది నిమిషాల ముందు లేచి ఒళ్ళు మళ్ళీ వేడెక్కించుకోండి. టెన్షన్‌తో ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోతే ఫర్వాలేదు. తోటి పోటీదారు రాతిగుండు దగ్గర అవస్థపడుతుంటే మాత్రం గొంతెత్తి అరవండి. మీ వంతు వచ్చినప్పుడు అతనూ అరుస్తాడు. ఈ ఆటలో నాకు బాగా నచ్చింది అదే.

కండలో టప్‌మని చప్పుడు వచ్చినా, నడుం నుంచి కాలికి తిమ్మిరి దిగినా, ఛాతీ పట్టేసినా ఆపెయ్యండి. సున్నా రాకూడదని ఇంతసేపు చెప్పిన నేనే చెబుతున్నాను, అక్కడ సున్నా తీసుకోండి.

తర్వాత

ముంజేతులకి కొబ్బరినూనె పట్టించి ట్యాకీ తీసేసుకోండి. మర్నాడు మంచం మీద పడుకోకుండా గట్టు మీద అరగంట నడవండి. అదే రోజు నోటుపుస్తకం తీసి రాసుకోండి: ఏ ఈవెంట్‌లో ఎంత సమయం, ఎన్నిసార్లు దించాను, జడ్జి ఏం అన్నాడు, ఏ పూట ఏం తిన్నాను. వారం గడిస్తే ఇవి గుర్తుండవు. మిల్లు నుంచి తెచ్చిన సంచులు విప్పి, ఇసుక ఒంపి, దులిపి తిరిగి ఇచ్చెయ్యండి. వచ్చే ఏడాది మళ్ళీ అడగాల్సింది వాళ్ళనే. రెండు వారాలు బరువు ముట్టుకోకుండా ఉండి, మూడో ఆదివారం 50 కిలోల బస్తాతో, తొడల మీద కూచోబెట్టడం దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.